స్కూటర్ చెప్పిన సాక్ష్యం

ఎవరికీ దెబ్బ తగలకుండానే చర్చి వాకిలంతా కడుపు పట్టుకుని కూలబడ్డ ప్రమాదం ఒకటి నా చేతుల మీదుగా జరిగింది. చంద్రపూర్‌లో మా కాలనీ తెలుగువాళ్లు ఇప్పటికీ నేను కనిపిస్తే కుశలం అడగరు. "గేర్లు మంచిగున్నయా?" అంటారు. వాళ్లెలాగూ మీకు చెబుతారు కాబట్టి, ముందే నేను చెప్పుకుంటే పరువులో చిల్లరైనా మిగులుతుందని ఆశ.

మా బాపు బొగ్గుబాయిలో పనిచేసి రిటైరయ్యాడు. ఆయనతోపాటు రిటైరవడానికి ఒప్పుకోనిది ఆయన స్కూటర్. ఎడమచేతి పిడి తిప్పితే గేర్లు మారే పాతకాలం బండి. ఒకరోజు దాని గేరు కేబుల్ తెగింది. ఇంత ముసలి బండిని ఇక ముట్టనని మెకానిక్ చేతులు దులుపుకున్నాడు. బాపు ఇంటికి తోసుకొచ్చి, పాత సామాన్లు కొనే భంగార్‌వాలాను సోమవారం రమ్మన్నానని చెప్పాడు. చెప్పి, తన రుమాలుతో సీటు తుడిచాడు. పాత ఇనుము కింద పోయే బండికి ఎవరైనా సీటు తుడుస్తారా? అది చూశాక నా నోరు ఆగలేదు.

"నేను చేస్త బాపు. ఆదివారం దాకా ఆగు."

"మొన్న ఫ్యాన్ నువ్వే బాగుచేస్తివి గదా. అప్పటిసంది గాలి మీదికి పోతుంది."

"గది వేరే."

"అవ్, వేరే. ఫ్యాన్ మీద మేం కూసుంటలేము."

అయినా ఒప్పుకున్నాడు. నేను హ్యాండిల్ మూత విప్పాను. విప్పి, పనిముట్టు కింద పెట్టి, ఊరికే చూస్తూ కూర్చుండిపోయాను. నేను చూసిన గొప్ప కట్టడం అంతదాకా మా ఊరి కోట ఒక్కటే; ఇది దానికి తమ్ముడిలా ఉంది. చేతి దగ్గర పుట్టి, మెడలోంచి దిగి, కడుపు కిందుగా పాకి, వెనక గేర్లను పట్టుకున్న రెండు తీగలు. ఒకటి లాగితే ఒకటి వదులుతుంది, అంతే. ఇంత సన్నని తీగల మీదనా మా ఇంటిల్లిపాదీ ఆసుపత్రికీ, బడికీ, పెళ్లిళ్లకూ వెళ్లొచ్చింది? అమ్మ వెనక, నేను ముందు, నా ముందు బియ్యం సంచి. నాకు నిజంగానే చేతులు జోడించాలనిపించింది.

చేతులు జోడించి ఊరుకున్నా బాగుండేది.

ఫోన్‌లో మరాఠీ వీడియో పెట్టుకుని, అందులో చెప్పేవాడు కుడి అంటే కుడి, ఎడమ అంటే ఎడమగా కొత్త తీగలు బిగించాను. అతను బండికి ఎదురుగా నిలబడి చెబుతున్నాడు, నేను వెనక నిలబడి చేస్తున్నాను. ఈ చిన్న సంగతి మీకిప్పుడే తట్టింది కదూ? నాకు ఆదివారం తట్టింది.

శనివారం కిక్కు కొట్టబోతే అమ్మ అడ్డొచ్చింది. మా ఇళ్లలో కొత్త బండిని ప్రార్థన చేయించకుండా తీయరు. "గది కొత్తది కాదే" అంటే, "సచ్చి లేచిన బండి కొత్తదే" అంది. అలా ఒక్కసారైనా స్టార్ట్ చేయని బండిని మర్నాడు ఎండలో చర్చి దాకా తోసుకెళ్లాను.

ప్రార్థన వరకే అయితే గండం గడిచేది. మా చర్చిలో మేలు పొందినవాళ్లు లేచి సాక్ష్యం చెబుతారు. ఆలు లేదు, చూలు లేదు, నేను సాక్ష్యానికి లేచాను. తెలుగు పాటను కూడబలుక్కుని చదివే నేను ఆరోజు అనర్గళంగా మాట్లాడాను. మెకానిక్ కాదన్న బండికి నా చేతులతో ప్రాణం వచ్చిందన్నాను. ఆడవాళ్లు కళ్లొత్తుకున్నారు. బాపు మాత్రం పాటల పుస్తకంలో తల దాచుకున్నాడు.

బయట పాస్టరు అయ్యగారు బండి మీద చెయ్యి వేసి ప్రార్థించారు. ఆ పక్క సందులో ఒక ఇంటికి వెళ్లాలంటూ, నా సాక్ష్యం మీది నమ్మకంతో వెనక ఎక్కారు కూడా. నేను న్యూట్రల్‌లో కిక్కు కొట్టాను. బండి స్టార్ట్ కాలేదు. కప్పలా ఒక్క గెంతు వేసింది. ఇంకో కిక్కు, ఇంకో గెంతు. పిడి అటూ ఇటూ తిప్పగా ఎక్కడో ఇంజన్ అందుకుంది. ధైర్యంగా ఒకటో గేరు వేసి క్లచ్ వదిలాను. బండి చలిజ్వరం వచ్చినట్టు వణుకుతూ పాకింది. సరే, ఎక్కువ గేరైతే హుషారొస్తుందని నాలుగులోకి తిప్పాను. అది పెడబొబ్బ పెట్టి, ఎవరో తోక పట్టుకున్నట్టు ఆగిపోయింది. అయ్యగారు నన్ను వెనకనుంచి కావలించుకున్నారు. అది ప్రేమ కాదు.

"నా సందేశం మంది మరిచిపోతరు బిడ్డా," అన్నారాయన ఊపిరి తీసుకుని. "వెనకున్నోళ్లు ముందుకొస్తరని పోయినవారం వాక్యం చెప్పిన. ఆ మాట నీ గేర్లు పట్టుకున్నయ్." వాకిలంతా నవ్వి నవ్వి, కడుపు పట్టుకుని కూలబడింది.

బాపు వచ్చి నన్ను దిగమన్నాడు. కూర్చుని, కళ్లు మూసుకుని, నాడి చూసినట్టు పిడిని ఈ కొస నుంచి ఆ కొసకు తిప్పాడు. "తీగలు ఇటుదటు పెట్టినవ్. నాలుగు కాడ ఒకటున్నది," అన్నాడు. ఒక్క కిక్కు. నాలుగులో కదిలి, వెనక్కి తిప్పుకుంటూ వేగం పెంచి, అయ్యగారి తెల్ల లాల్చీ గాలికి ఎగురుతుండగా సందు మలుపు తిరిగాడు. బతుకంతా ముందుకు తిప్పిన చెయ్యి నిమిషంలో అంతా తలకిందులుగా నేర్చుకుంది. నేను నోరు తెరుచుకుని నిలబడ్డాను. నా పక్కన అమ్మ మాత్రం, "మీ బాపు గట్లనే," అని చెప్పులు వేసుకుంది.

తీగలు సరిచేస్తానంటే బాపు ముట్టనివ్వలేదు. సోమవారం భంగార్‌వాలా వచ్చాడు. బండి లేదన్నాడు బాపు.

"మరి మీ వెనక ఉన్నదేంటి?" అన్నాడతను.

బాపు రుమాలు తీసి సీటు తుడుస్తూ, తన బొగ్గుబాయి హిందీలో చెప్పాడు. "అది బండి కాదు. మావోడి సాక్ష్యం. అమ్మరాదు."

అందుకే సకల జనుల ఎదుట ఇదే నా ప్రతిజ్ఞ: ఇకపై ఏ యంత్రాన్ని విప్పినా, ముందు దాన్ని సాక్ష్యం చెప్పనిస్తాను, అది కదిలాకే నేను లేస్తాను. ఫ్యాన్ సంగతంటారా, దాన్ని మాత్రం ముట్టను. ఆ గాలికి సీలింగ్ అలవాటు పడింది.