చెయ్యెత్తేదాకా

మంగరాజుతో ఊరు మాట్లాడటం మానేసి అయిదో నెల నడుస్తోంది. గోదారి జిల్లాల్లో మాట మానెయ్యడమంటే ఎంత శిక్షో బయటివాళ్ళకి తెలియదు. దారి అడిగినవాడిని కూడా అండీ, ఆయ్ అంటూ అక్కడిదాకా దిగబెట్టి, కాఫీ తాగితే గాని వదలని మనుషులు. అలాంటి నోళ్ళు ఒక్కసారిగా మూతపడితే ఊళ్ళో ఉన్నట్టా, వల్లకాట్లో ఉన్నట్టా?

గోదారి పాయ వైనతేయ సముద్రంలో కలిసే మొగకి దగ్గర్లో ఉన్న చేపల వేటపల్లె వాళ్ళది. మంగరాజు చేసిన నేరం ఏమిటయ్యా అంటే, పోలీస్ స్టేషన్ మెట్లెక్కడం. కొత్త వల, ఇంకా సరిగ్గా తడవనైనా లేదు, ఒక రోజు తెల్లారి చూస్తే నిలువునా కోసేసి ఉంది. వేట దగ్గర మాటా మాటా అనుకుని ఆ పని చేసింది వీరబాబని అందరికీ తెలుసు. వీరబాబు ఊరి పెద్ద లోవరాజుకి స్వయానా మేనల్లుడు. పెద్దల్లో తగువు పెడితే మేనమామే తీర్పు చెప్పాలి కదా అని మంగరాజు తిన్నగా పోలీసుల దగ్గరికి వెళ్ళాడు. అక్కడ వల సంగతి తేలలేదు గాని, ఇక్కడ అతని సంగతి సాయంత్రానికల్లా తేలిపోయింది. రామాలయం అరుగు మీద కూర్చుని లోవరాజు నెమ్మదిగా అన్నాడు.

“ఊళ్ళో మడుసులున్నారని ఆడికి కనపళ్ళేదు. మనకీ ఆడు కనపడక్కర్లేదు.”

అంతే. దండోరా లేదు, కాగితం లేదు. ఇలాంటివి చట్టం ఒప్పుకోదంటారు చదువుకున్నవాళ్ళు. నిజమే. మరి పక్కింటాయన పలకరించలేదని ఏ సెక్షన్ కింద కేసు పెట్టేది? బోట్లవాళ్ళ వాట్సాప్ గ్రూపులోంచి అతని నంబరు తీసేశారు. ఫోన్ చేస్తే ఎవరూ ఎత్తరు. కొట్టులో సబ్బు అడిగితే చేతికివ్వకుండా బల్ల మీద పెట్టి మొహం తిప్పుకుంటారు. పిల్లలకైతే ఎవరూ చెప్పను కూడా చెప్పలేదు. మొన్నటిదాకా మంగరాజు బాబాయ్ అంటూ పడవెక్కి గెంతినవాళ్ళు, పెద్దల మొహాలు చూసి ఒక్క పూటలో నేర్చేసుకున్నారు. బళ్ళో ఎక్కాలు ఏడాది తిరిగినా రావు, ఇది మాత్రం ఎంత తేలిగ్గా వచ్చేసిందో.

భార్య వాణి మొదట్లో ఏడ్చేది. తర్వాత ఏడుపు మానేసింది. ఊరి ఆడవాళ్ళు ఎదురైతే వాళ్ళకంటే ముందు తనే తల తిప్పుకునేది. అది చూసి మంగరాజుకి ఏడుపు చూసినప్పటికంటే ఎక్కువ భయమేసేది.

వేటకి తోడు రావడానికి ఊళ్ళో ఎవరూ లేకపోయేసరికి వాణి తమ్ముడు దుర్గాప్రసాద్ వచ్చాడు. అంతకుముందు ముమ్మిడివరం అవతల రొయ్యల చెరువుల మీద పనిచేసేవాడు. ఒళ్ళు వంచే మనిషే గాని, మొగ దాటడం అతనికి కొత్త.

ఆ రోజు వాళ్ళిద్దరూ వేట నుంచి తిరిగొస్తున్నారు. ఆకాశం మబ్బుపట్టి ఉంది. పండుగప్పలు బాగా పడ్డాయి. అమలాపురం నుంచి, రాజోలు నుంచి వచ్చిన బేరగాళ్ళు ఈపాటికి రేవులో వేలం పాట మొదలెట్టి ఉంటారు. ముందు చేరిన చేపకే ధర పలుకుతుంది. దుర్గాప్రసాద్ హుషారుగా ఉన్నాడు.

మొగలో ఇసుక ఒక చోట కుదురుగా ఉండదు. రాత్రి కెరటాలకి ఎక్కడిది ఎక్కడికి కొట్టుకుపోయిందో గాని, ఎప్పుడూ వచ్చే పడమటి దారిలోనే పడవ అడుగు బరబరా గీసుకుంది. కొత్తగా ఇసుక మేట వేసింది. పైగా పోటు తీసేసి నీళ్ళు సముద్రంలోకి లాగుతున్నాయి. ఇంజను పైకెత్తి, తెడ్లతో నెట్టుకుంటూ, ఒక కెరటం దన్నుతో తూర్పువైపు జారారు. అదృష్టం బాగుండి అక్కడ లోతు దొరికింది. నది నీళ్ళలోకి వచ్చి పడ్డాక మళ్ళీ ఇంజను దింపి స్టార్టు చేశారు.

మంగరాజు వెనక్కి చూశాడు. సముద్రంలోంచి నీలం బోటు ఒకటి వస్తోంది. లోవరాజుది. అతను, మేనల్లుడు వీరబాబు, ఇంకో ముగ్గురు. నిండా సరుకుతో బరువుగా, సరిగ్గా పడమటి దారికేసి వస్తోంది. తన చిన్న పడవే గీసుకున్న చోట అంత బోటు కూరుకుపోక మానదు. కూరుకుంటే వెనక కెరటం బోర్లా తిప్పేస్తుంది. కిందటేడు అలా పోయినవాళ్ళ శవాలు కూడా దొరకలేదు.

మంగరాజు ఇంజను ఆపేశాడు. చొక్కా విప్పి తెడ్డుకి కట్టి, పైకెత్తి తూర్పువైపు వంచి పట్టుకున్నాడు.

“ఇంకా ఇక్కడెందుకు బావా, పాట అయిపోతాది,” అన్నాడు దుర్గాప్రసాద్.

“ఆళ్ళు చెయ్యెత్తాలి. ఎత్తేదాకా మనం కదలకూడదు.”

మొగ మీద బతికేవాళ్ళ పద్ధతి అది. కొత్త దారి కనుక్కున్న ముందు పడవ ఆగి గుడ్డ ఎత్తాలి. చూశామని వెనక పడవ చుక్కాని దగ్గరివాడు చెయ్యెత్తాలి. ఆ చెయ్యి లేచేదాకా ముందు పడవ వెళ్ళిపోకూడదు. ఫోన్లు వచ్చినా మొగలో వాటికి సిగ్నల్ ఉండదు కనక ఆ పద్ధతి మిగిలింది.

మంగరాజుకి అది ఎవరూ కూర్చోబెట్టి చెప్పలేదు. తండ్రి పోయిన కొత్తలో, వరసకి మావయ్యే లోవరాజు అతన్ని తన పడవలో వేసుకుని తిప్పేవాడు. ఒకసారి ఇలాగే గుడ్డెత్తి చాలాసేపు నిలబడిపోయాడు. రేవు చేరేసరికి పాట అయిపోయింది, చేప సగానికి సగం ధరకి పోయింది. మావని ఊరంతా మెచ్చుకుంటుందనుకున్నాడు మంగరాజు. ఎవరూ ఒక్క మాట అనలేదు. అన్నం తిన్నందుకు మనిషిని మెచ్చుకుంటారా? అప్పుడర్థమైంది, ఇది గొప్ప కాదు, చెయ్యవలసిన పని.

ఇప్పుడు చెయ్యెత్తాల్సింది ఆ మావే. చెయ్యెత్తడమంటే జవాబివ్వడం. జవాబిస్తే, ఎవరూ పలకరించకూడదని తను పెట్టిన కట్టు తనే తెంపుకున్నట్టు. దానికి తోడు బోటులో నలుగురు సాక్షులు.

నీలం బోటు దగ్గరవుతోంది. అందులోవాళ్ళు ఇటు చూశారు, వెంటనే మొహాలు తిప్పుకున్నారు. వీరబాబు ఏకంగా వీపు పెట్టి కూర్చున్నాడు.

“మనం కనపడనోళ్ళం బావా. మన గుడ్డ మట్టుకి కనపడతాదేంటి? ఎల్లిపోదాం,” అన్నాడు దుర్గాప్రసాద్.

అబద్ధమెందుకు, మంగరాజుకీ ఒక్క క్షణం అనిపించింది. కూరుకుపోనీ. వాణి ఏడ్చిన ఏడుపులు గుర్తొచ్చాయి, బల్ల మీద పెట్టిన సబ్బు గుర్తొచ్చింది. గుడ్డయితే ఎత్తాడు, చూడకపోతే తప్పు వాళ్ళది. ఎవరడుగుతారు? అసలు తనతో మాట్లాడేదెవరు గనక అడగడానికి?

ఈలోగా నీళ్ళ లాగుడికి వాళ్ళ పడవ మళ్ళీ మేటకేసి జారుతోంది.

“మనమే పోయేలా ఉన్నాం. ఇంజను స్టార్టు చెయ్యి బావా.”

మంగరాజు ఇంజను స్టార్టు చేశాడు, కానీ పడవని రేవుకేసి తిప్పలేదు, కెరటాలకేసే తిప్పాడు. మేట అంచుదాకా వెళ్ళి, ఊగిపోతున్న పడవలో నిలబడి తెడ్డు ఎత్తాడు. దుర్గాప్రసాద్ నడుం పట్టుకోకపోతే నీళ్ళలో ఉండేవాడే.

“మావా, తూరుపు కొట్టు. పడమట మేటేసింది, మావా.”

లోవరాజు ఇటే చూస్తున్నాడు. మిగతా నలుగురూ తలలు తిప్పుకున్నారు గాని, చుక్కాని పట్టినవాడు ముందుకి చూడక తప్పదు కదా. చూస్తున్నాడు, చెయ్యి మాత్రం లేవడం లేదు. బోటు తిన్నగా పడమటి దారికే వస్తోంది. పంతం కోసం అయిదుగురినీ చంపుకుంటాడా ఈ ముసలాయన?

అప్పుడు చెయ్యి లేచింది. మోచేతిదాకా లేచి ఆగింది. తర్వాత పూర్తిగా, తలకంటే పైకి లేచింది.

బోటు ఒక్కసారి తూర్పుకి తిరిగింది. ఆలస్యమైంది కాబట్టి కెరటం పక్క నుంచి కొట్టింది, రెండు చేపల గంపలు నీళ్ళపాలయ్యాయి, వీరబాబు వెల్లకిలా పడ్డాడు. కానీ లోతులోకి వచ్చేశారు. మంగరాజు పక్క నుంచే వెళ్ళారు, ఎవరూ పలకలేదు. మంగరాజు తెడ్డుకి కట్టిన చొక్కా విప్పుకుని, తడిదే తొడుక్కున్నాడు.

రేవు చేరేసరికి పాట అయిపోవచ్చింది. చేపలు దింపడానికి గంపలు పట్టుకుని వాణి ఎదురుచూస్తోంది. మొగలో జరిగింది అప్పుడే రేవంతా పాకింది. ఊరి రెండో పెద్ద సత్తిరాజు, బోటు తాడు కట్టుకుంటున్న లోవరాజు దగ్గరికి వచ్చాడు.

“ఆడికి చెయ్యెత్తేవంట కదా బావా?”

రేవు మొత్తం చెవులు రిక్కించింది. వీరబాబు చటుక్కున అందుకున్నాడు.

“ఎత్తడమేంటండీ. మొకం మీద నీళ్ళు పడితే తుడుచుకున్నాడు మావ.”

“అంతే అయ్యుంటాదిలే,” అంది గంపల దగ్గరున్న అచ్చమ్మ. చేపలమ్మే ముసలావిడ ఆవిడ.

తలలన్నీ ఊగాయి. పాము చావకుండా కర్ర విరగకుండా ఎంత బాగా కుదిరిందో. బోటు దక్కింది, కట్టూ నిలబడింది, పెద్దరికమూ పోలేదు. మంగరాజు కదలకుండా నిలబడిపోయాడు. మావ ఒక్క ఊఁ అంటే చాలు, తను ఇంకెన్నేళ్ళయినా ఇలా ఎవరికీ కనపడకుండా బతకాల్సిందే.

లోవరాజు తాడు ముడి బిగించి లేచాడు.

“తుడుచుకోలేదు. చెయ్యే ఎత్తేను.”

“మరి కట్టు పెట్టింది నువ్వే కదా బావా,” అన్నాడు సత్తిరాజు, గొంతు తగ్గించి.

“ఆయ్, నేనే పెట్టేను. కట్టు తెంపినందుకు తప్పూ నేనే కడతాను. నేను చెయ్యెత్తకపోతే ఆడు అక్కణ్ణించి కదలడు. మాతోపాటు ఆడూ పోయేవోడు. ఆడికలా నేర్పింది నేనే.” మంగరాజు వైపు తిరిగాడు. “ఏరా, తూరుపున ఎంత లోతుందిరా?”

“రెండు బారలుంటాది మావా,” అన్నాడు మంగరాజు.

రేవులో ఒక్కసారిగా గొంతులు లేచాయి. మేట ఎక్కడిదాకా వచ్చిందని ఒకరు, ఇంజనుకేమైనా తగిలిందా అని ఒకరు, మొన్నటిదాకా ఏమీ జరగనట్టే అడగడం మొదలెట్టారు. మంగరాజు ఎవరికి చెప్పాలో తెలియక అందరికీ చెబుతున్నాడు. సంతోషంతో మాట తడబడుతోంది. వీరబాబు మాత్రం దూరంగా వెళ్ళి వల దులుపుకుంటున్నాడు.

అచ్చమ్మ వాణి గంపలోకి వంగి చూసింది.

“పండుగప్పలు బలే ఉన్నాయే అమ్మా. ఎంతకిత్తావేంటి?”

వాణి పలకలేదు. ఆవిడ వంగిన చోట ఎవరూ లేనట్టు గంప తీసుకుని పక్కకి జరిగింది.

“వాణీ, నిన్నేనే అమ్మా,” అంది అచ్చమ్మ మళ్ళీ.

వాణి గంప నెత్తికెత్తుకుంది. ఆవిడని దాటుకుని, లోవరాజునీ సత్తిరాజునీ దాటుకుని, గట్టు మీదికి ఎక్కింది. రేవులో మాటలు ఒక్కొక్కటే ఆగిపోయాయి. అందరూ మంగరాజు వైపు చూశారు, నువ్వయినా చెప్పు అన్నట్టు. ఇన్ని నెలలుగా ఇంతమంది కలిసి నేర్పినదాన్ని ఇప్పటికిప్పుడు మర్చిపొమ్మని ఆమెకి ఏ మొహం పెట్టుకుని చెబుతాడు? మిగిలిన గంప భుజానికెత్తుకుని ఆమె వెనకే నడిచాడు.