నాలుగు జతల రాగి తీగ

పొదిలిలో కేబుల్ జక్రయ్య అంటే తెలియనివాళ్లు తక్కువ. టీవీ కేబుల్ కాదు. ముప్పై నాలుగేళ్లు టెలిఫోన్ శాఖలో, భూమిలో పూడ్చిన తీగలు కలిపిన మనిషి ఆయన. పదేళ్లు గుంటూరులో, మిగతావి సొంతూళ్లో. రోడ్డు పక్కన గుంత తవ్వి, పైన టార్పాలిన్ కట్టుకుని, లోపల చతికిలపడి మణికట్టంత లావు కేబులు కోస్తే వెంట్రుకల్లాంటి తీగలు వందల జతలు బయటపడేవి. ఇటు జతను అటు జతకు రంగు చూసి కలపాలి. నీలం, నారింజ, ఆకుపచ్చ, కాఫీ రంగు, బూడిద. ఒక్కోదానికి తోడు ఒక తెల్ల తీగ. ఆ వరస ఆయనకు ప్రభువు ప్రార్థన ఎంత నోటికొచ్చో అంత నోటికొచ్చు.

ఆయన రిటైరయ్యేనాటికి ఊళ్లో ల్యాండ్‌ఫోన్లు మూగబోయాయి. తన చేత్తో కలిపిన కేబులును ఒకరోజు రోడ్డు వెడల్పు చేసే యంత్రం పెకలించి పారేస్తుంటే జక్రయ్య కాసేపు నిలబడి చూశాడు. తరవాత ఇంటికొచ్చి పనిముట్ల సంచి అటక మీద పడేశాడు.

ఆయన కూతురు ఫెబా చెవిటి పిల్లలకు టీచరు. బడికి వచ్చే వీల్లేని పల్లెల్లో పిల్లలకు ఇంటి నుంచే కంప్యూటర్లో చేతి భాషలో పాఠాలు చెబుతుంది. దర్శి నుంచి వచ్చిన కౌసర్ అనే అమ్మాయి ఆమెకు తోడు. కౌసర్‌కు పుట్టుకతోనే వినపడదు. వీళ్లింట్లోనే ఉంటూ చిన్నపిల్లల క్లాసు చూస్తుంది. పెరటి వైపు రెండు గదుల్లో వెలుతురు బాగా పడుతుందని ఇద్దరూ అక్కడ చెరొక కంప్యూటరు పెట్టుకున్నారు. ఇంటర్నెట్ డబ్బా మాత్రం వీధిగదిలో ఉంది. నడుమ జక్రయ్య నాన్న కట్టించిన మూర మందం రాతిగోడలు రెండు, ఆ తరవాత పొడుగాటి వాకిలి.

వైఫై ఆ గోడలు దాటి వచ్చేసరికి సొమ్మసిల్లి పడిపోయేది. మాట తెగితే మళ్లీ అడగొచ్చు. చేతి భాషలో బొమ్మ ఆగిపోతే చెయ్యి గాల్లో సగంలో నిలబడిపోతుంది. మళ్లీ కదిలేసరికి ఇంకెక్కడో ఉంటుంది. నడుమ చెప్పిందంతా పోయినట్టే.

ఒక మధ్యాహ్నం జక్రయ్య మజ్జిగ ఇవ్వడానికి పెరటి గదికి వెళ్లాడు. తెరమీద తొమ్మిదేళ్ల పిల్ల, కనిగిరి దగ్గర పల్లె నుంచి, పేరు జాన్‌బీ. ఏదో అడుగుతోంది. బొమ్మ బిగుసుకుపోయింది. ఫెబా మళ్లీ చెప్పమని సైగ చేసింది. పిల్ల మళ్లీ చెప్పింది, మళ్లీ ఆగింది. మూడోసారి ఆ పిల్ల చేతులు ఒళ్లో పెట్టుకుని మొహం పక్కకు తిప్పేసుకుంది.

"ఏమంటుందమ్మా?"

"తెలీదు నాన్నా. నేను చూడటం లేదనుకుంటోంది," అంది ఫెబా. ఆమె కళ్లలో నీళ్లు.

జక్రయ్య మజ్జిగ గ్లాసు బల్లమీద పెట్టి, చొక్కా తొడుక్కుని బజారుకు బయల్దేరాడు.

హయాత్ కంప్యూటర్ల కొట్టు బస్టాండు దగ్గర. ఒకప్పుడు అక్కడే వాళ్ల నాన్న ఎస్టీడీ బూత్ నడిపేవాడు. దాని లైను వేసింది జక్రయ్యే.

"ఏం బాబాయ్, దారి తప్పావా?" అన్నాడు హయాత్.

జక్రయ్య సంగతంతా చెప్పాడు. హయాత్ ముందుగా గోడకు తగిలించే వైఫై యంత్రం తీశాడు. "ఇది నడిమింట్లో పెట్టు. అక్కడిదాకా వచ్చిన వైఫైని అందుకుని ముందుకు పంపిస్తుంది."

"నడిమింటికే అది చచ్చీచెడీ వస్తోంది. చచ్చినదాన్ని అందుకుని ఏం పంపిస్తుందిరా? తీగ లేదా?"

"ఉంది. తీగ లాగితే ఇంక తిరుగులేదు. కాకపోతే ఈ రోజుల్లో లాగే ఓపిక ఎవరికి?"

"నాకు."

హయాత్ నవ్వి, అరచేతిలో పట్టేంత నల్లటి డబ్బా ఒకటి బల్లమీద పెట్టాడు. ముందువైపు అయిదు కన్నాలు, కన్నానికో చిన్న దీపం. "ఇది స్విచ్. వీధిగది నుంచి ఒక్క తీగ వస్తుంది. ఇందులో గుచ్చి, మిగతా వాటిలోంచి ఒక్కో కంప్యూటరుకు ఒక్కోటి ఇచ్చుకో. పూర్వం హబ్ అని ఉండేది, చౌక రకం. దాంట్లో ఒకరి మాట వస్తే అందరి చెవిలోనూ అరిచేది. ఇద్దరు ఒకేసారి మాట్లాడితే మాటలు గుద్దుకునేవి. ఇది అట్లా కాదు. ఎవరి మాట ఎవరికో చూసి, ఆ కన్నంలోకే పంపుతుంది. ఒకేసారి ఎంతమందికైనా."

జక్రయ్య దాన్ని చేతిలోకి తీసుకున్నాడు. సబ్బు పెట్టె అంత బరువు కూడా లేదు. ఎవరు ఎవరిని పిలిచారో చూసి ఇద్దరినీ కలపడం. గుంటూరులో ఆ పని చేసే యంత్రాలు ఒక హాలంతా ఉండేవి. అల్మారాల వరసలు, రాత్రింబగళ్లు టకటకమని చప్పుడు, వాటికి చల్లగాలి, కాపలా. చేరిన కొత్తలో జక్రయ్య చెప్పులు విడిచి ఆ హాల్లోకి వెళ్లేవాడు, గుడికి వెళ్లినట్టు.

"ఒరేయ్, ఇది ఎక్స్ఛేంజిరా!" అన్నాడు గొంతు తగ్గించి.

"అంతే బాబాయ్. నీ ఎక్స్ఛేంజే."

తీగ దగ్గర మాత్రం జక్రయ్య తొందరపడలేదు. హయాత్ చూపించిన మొదటి చుట్టలోంచి ఒక కొస తీసుకుని, బయటికి పొడుచుకొచ్చిన తీగను బ్లేడుతో గీకాడు. పైన ఎర్రగా ఉన్నది గీకగానే లోపల తెల్లబడింది. "ఇది రాగి పూత, రాగి కాదు. అసలుది తియ్యి," అన్నాడు. హయాత్ నాలిక కరుచుకుని లోపలి నుంచి వేరే చుట్ట తెచ్చాడు. ఎంత గీకినా ఎర్రగానే ఉంది. ఆ పైన నల్ల తొడుగు ఒలిచి చూసి జక్రయ్య అట్లాగే నిలబడిపోయాడు.

లోపల నాలుగు జతలు. నీలం, నారింజ, ఆకుపచ్చ, కాఫీ రంగు. ఒక్కోదానికి తోడు ఒక తెల్ల తీగ. ఒకదాన్నొకటి పెనవేసుకుని.

చచ్చిపోయిందనుకున్న తన తీగ ఇదే. వేషం కూడా మార్చుకోలేదు.

మర్నాడు పొద్దున్నే అటక మీది సంచి దించాడు. గొట్టాలు బిగించి, రాతిగోడల చూరు వెంట, వాకిలి చుట్టూ తిప్పి, నూట పాతిక అడుగుల తీగ లాగాడు. భార్య ఎలీసమ్మ కింద నిలబడి, "ఈ వయసులో నిచ్చెనెక్కి ఎవర్ని ఉద్ధరిద్దామని?" అంటూనే నిచ్చెన వదలకుండా పట్టుకుంది. రెండు కొసలకూ గాజులాంటి ప్లగ్గులు బిగించాడు, తనకు అలవాటైన వరసలోనే: నీలం జత, నారింజ జత, ఆకుపచ్చ జత, కాఫీ జత. హయాత్ ఇచ్చిన పరీక్ష డబ్బాలో ఎనిమిది దీపాలూ వరసగా వెలిగాయి. తీగను పెరటి గదిలో పెట్టిన స్విచ్‌కూ, అక్కడి నుంచి రెండు పొట్టి తీగలు కంప్యూటర్లకూ గుచ్చితే స్విచ్ మీద దీపాలు మిణుకుమన్నాయి.

ఫెబా క్లాసు తెరిచింది. బొమ్మ వచ్చింది, నిమిషానికే ముక్కలైపోయింది. వైఫై కన్నా అన్యాయంగా ఉంది.

"పోనీలే నాన్నా, నువ్వేం చేస్తావ్," అంది ఫెబా.

జక్రయ్య వాకిట్లో ప్లగ్గు పట్టుకుని కూర్చున్నాడు. ప్రతి తీగా అటు కొసకు చేరుతోంది. దీపాలు అబద్ధం చెప్పవు. మరి దోషం ఎక్కడ? ఇంటర్నెట్ డబ్బాతోపాటు కంపెనీవాళ్లు ఇచ్చిన పొట్టి తీగ తెచ్చి, దాని ప్లగ్గును ఎండకు ఎత్తి చూశాడు. అందులో వరస వేరు. నారింజ జత మొదట ఉంది, కాఫీ జత చివర ఉంది. ఆకుపచ్చ జతను మాత్రం విడదీసి, ఒకటి ఇటు, ఒకటి అటు పెట్టి, నడుమ నీలం జతను కూర్చోబెట్టారు.

అప్పుడు ఆయనకు చెంచురామయ్య గుర్తొచ్చాడు. తనకు తీగలు కలిపే పని నేర్పిన పెద్ద జాయింటరు. జక్రయ్య చేరిన ఏడాది గుంటూరులో ఒక వకీలు గారింట్లో ఫోనెత్తితే పక్కవీధి పొగాకు వ్యాపారి బేరాలన్నీ వినపడ్డాయి. చెంచురామయ్య గుంతలోకి దిగి చూసి, "ఈ జతలో ఒకటి, ఆ జతలో ఒకటి పట్టి కలిపావు కదరా!" అని నెత్తిన మొట్టాడు. "రెండు తీగల్నీ ఎందుకు మెలేశారనుకున్నావ్? వాటి మాట వాటి మధ్యనే ఉండటానికి. జత విడగొట్టావా, మాట పక్కింటికి కారిపోద్ది."

ఈ ప్లగ్గులో తీగకొకటి చొప్పున ఉన్న ఎనిమిది ఇత్తడి కాళ్లలో మూడో కాలూ ఆరో కాలూ ఒక జత. జక్రయ్య తన వరసలో పెట్టేసరికి మూడో కాలికి నారింజ జతలో తెల్ల తీగ వచ్చింది, ఆరోదానికి ఆకుపచ్చ తీగ వచ్చింది. వేరు వేరు జతలు. తీగలన్నీ చేరుతున్నాయి గానీ మాట దారిపొడుగునా పక్కవాటిలోకి కారిపోతోంది. నలభై ఏళ్ల కిందటి తప్పే మళ్లీ చేశాడు.

కానీ ఆ నడుమ చోటు నీలానికి ఎందుకిచ్చారు? ఆయన సంచి అడుగున వెతికి పాత టెలిఫోన్ ప్లగ్గు తీశాడు. స్విచ్ కన్నంలో ఊరికే పెట్టి చూస్తే సరిగ్గా మధ్యలో ఇమిడింది. ఫోను మాట నడిచే రెండు తీగలూ, ఆ నీలం జత ఉన్న చోటికే వచ్చాయి.

ఎవరో, ఎక్కడో, ముఖం తెలియని మనుషులు, కొత్తది కట్టేటప్పుడు పాతదాన్ని తోసెయ్యలేదు. ఫోను కూర్చునే చోటు ఫోనుకే ఉంచి, తాము రెండు పక్కలా సర్దుకున్నారు. తను గుంతల్లో గడిపిన ముప్పై నాలుగేళ్లకు నడుమ పీట వేశారు.

"దేవా," అన్నాడు పైకే.

రెండు కొసలూ కోసి, కొత్త వరసలో ప్లగ్గులు బిగించాడు. మధ్యాహ్నం క్లాసు వేళకు ఒకే స్విచ్ నుంచి రెండు గదుల్లోనూ రెండు కంప్యూటర్లు పనిచేశాయి. ఒక గదిలో కౌసర్ నలుగురు చిన్నపిల్లలతో నవ్వుతోంది. రెండో గదిలో ఫెబా ముందు ఆరు ముఖాలు. చేతులు నీళ్లలా కదులుతున్నాయి. ఎక్కడా ఆగడం లేదు. ఒక్క చప్పుడు లేదు.

జక్రయ్య గుమ్మంలో నిలబడిపోయాడు. ఇన్నేళ్లూ తాను తీగల్లో మనుషుల గొంతులు పంపాననుకున్నాడు. గొంతే లేని మాటలు ఇన్ని, ఇంత వేగంగా, ఆ రాగిలోంచే పోతున్నాయి. పొలాలు దాటి, ఊళ్లు దాటి, ఒక పిల్ల చిటికెనవేలి వంపు కూడా చెదరకుండా ఇంకొకరి కళ్లముందుకు వచ్చి నిలుస్తోంది.

తెరమీద జాన్‌బీ చేతులెత్తింది. వంగి ఏదో కోస్తోంది, ఒళ్లో వేసుకుంటోంది. మళ్లీ కోస్తోంది. ఉన్నట్టుండి మోచేత్తో కళ్లు రుద్దుకుని, మూతి ముడిచి, ఎగిరెగిరి ఊదుకుంది. మిగతా పిల్లలు విరగబడి నవ్వారు.

"మిరపకోతకు వెళ్లిందా?" అన్నాడు జక్రయ్య.

ఫెబా గిరుక్కున వెనక్కి తిరిగింది. "నీకెట్లా తెలిసింది నాన్నా?"

"అదే చెప్పింది కదమ్మా," అన్నాడాయన, తెర మీంచి చూపు తిప్పకుండా.