రంగం వెళ్ళినవాడి భార్య

మా చిన్న మామ్మ బుజ్జమ్మకి తొంభై అయిదేళ్ళు. నుదుటి మీద రూపాయి బిళ్ళంత బొట్టు, రెండు చేతులకీ ఆకుపచ్చ గాజులు. అయినా మా ఇంట్లో జరిగిన ఏ పెళ్ళికీ ఆమెను పసుపు దంచడానికి పిలవలేదు. మొగుడు వదిలేసిన మనిషి చెయ్యి శుభకార్యానికి మంచిది కాదట. ఆ మాట అన్నవాళ్ళంతా ఆమె వండింది కడుపునిండా తిన్నవాళ్ళే.

ఆమె భర్త ఉమాపతి మా తాతకి సొంత తమ్ముడు. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో విజయనగరంలో గది తీసుకుని చదువుకుంటూ, ఇంట్లో చెప్పకుండా ఎటో వెళ్ళిపోయాడు. యుద్ధం ముగిసినా రాలేదు. మా శ్రీకాకుళం వైపు మనుషులకి రంగూన్ అంటే పొరుగూరితో సమానం. రంగం అనేవారు. కూలికని, వ్యాపారానికని వెళ్ళి, అక్కడే బర్మా ఆడదాన్ని చేసుకుని ఉండిపోయినవాళ్ళు ప్రతి ఊళ్ళోనూ ఒకరిద్దరు ఉండేవారు. మా తాత తమ్ముణ్ణి కూడా ఆ లెక్కలో వేసేశాడు. పారిపోయాడు, రంగంలో ఇంకొకర్తెను పెట్టుకున్నాడు అని ఊరంతా చెప్పాడు. విచారించింది లేదు, వెతికింది లేదు.

వెళ్ళే ముందు ఉమాపతి తాత తన చిన్నారి పెళ్ళానికి మాత్రం చెప్పాడట, విమానం ఎక్కబోతున్నానని. ఆమె ఆ మాట ఇంట్లో చెబితే అందరూ నవ్వారు. నవ్వినవాళ్ళు పోయినా ఆ నవ్వు మాత్రం ఇంట్లోనే ఉండిపోయింది.

నిరుడు టీవీలో ఏదో యుద్ధవిమానం చూసి, "మీ తాత ఇలాటిదాన్లోనే ఎల్లినాడే, అర్చనా" అంది నాతో. నాకెందుకో నవ్వు రాలేదు. పాత యుద్ధవిమానాల పిచ్చి ఉన్నవాళ్ళ గుంపు ఒకటి ఫేస్‌బుక్‌లో ఉంది. చక్రం చూపిస్తే విమానం పేరు చెప్పేస్తారు వాళ్ళు. ఉమాపతి తాత పేరు, ఊరు, ఆయన చదువుకునేనాటి ఫొటో అందులో పెట్టాను. పూణేలో ఒక రిటైరైన ఇంజనీరు, ఇంగ్లండులో ఒక పెద్దాయన పట్టుదలగా వెతికారు. చివరికి ఒక ఫొటో వచ్చింది. విమానం ముందు నలుగురు కుర్రాళ్ళు. రెండోవాడివి అచ్చం మా నాన్న చెవులు.

వైమానిక దళంలో చేరి, రెండు సీట్ల బాంబు విమానంలో వెనక కూర్చుని తుపాకీ పేల్చేవాడట. బర్మా కొండల మీద విమానం కూలి ఇద్దరూ చనిపోయారు. ఆయన ఇచ్చిన చిరునామా విజయనగరం గదిది. కబురు అక్కడికే వచ్చి ఆగిపోయి ఉంటుంది. రంగూన్ దగ్గర ఒక స్మారకం మీద ఆయన పేరు చెక్కి ఉందని ఇంగ్లండు పెద్దాయన రాశాడు. ఈసారి అక్కడికి వెళ్ళినప్పుడు మా తరఫున పువ్వులు పెడతానన్నాడు. సిగ్గుతో చచ్చిపోయాను. మా ఇంట్లో ఆయన పేరున మహాలయ అమావాస్యకి ఎవరూ నువ్వులూ నీళ్ళూ కూడా వదల్లేదు.

మా నాన్న రమేష్‌బాబుకి ఊళ్ళో ఎరువుల కొట్టు ఉంది. ఆయనకి చూపిస్తే చాలాసేపు ఫోను కింద పెట్టలేదు.

"పిన్నికి సెప్పకు. ఈ వయసులో గాజులు తీసేయమంటామేటి?"

"నీ భయం గాజుల గురించేనా?"

తల దించుకున్నాడు. "ఊరందరికీ సెప్పింది మా నాన్న. ఇప్పుడు ఆవిడ ముందు ఏ మొహం పెట్టుకుని నిలబడమంటావు?"

సిగ్గుపడాల్సినవాళ్ళంతా దండలు వేయించుకుని గోడెక్కేశారు. మిగిలింది మేమే. నాన్న మాట వినలేదు నేను.

మామ్మ వసారాలో మునగాకు దూస్తోంది. ఫొటో చూపించాను. అడగకుండానే రెండోవాడి మీద వేలు పెట్టింది. ఉన్నదంతా చెప్పాను. ఏడవలేదు.

"అయితే పారిపోనేదు."

"లేదు మామ్మా."

"ఇమానంలోనే?"

"విమానంలోనే."

మునగాకు పక్కకి నెట్టి, "ఒరే రమేషూ, ఇలా రా" అని పిలిచింది. నాన్న వచ్చి గుమ్మం దగ్గరే ఆగాడు. "గాజులు ఉంచుకో పిన్నీ. ఎవరూ ఏటీ అనరు" అన్నాడు.

"నా గాజుల సంగతి నాను సూసుకుంటాను. నువ్వు మీ నాన్నకి సెప్పు."

నడిమింట్లో గోడ మీద మా తాత ఫొటో. నాన్న దాని ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. పెదవులు కదిలాయి.

"ఇనబడనేదు. మీ నాన్నకి సెవుడు" అంది మామ్మ.

"నాన్నా, సిన్నాన్న పారిపోనేదు" అన్నాడు నాన్న. ఈసారి మాట వీధిదాకా వినిపించింది.

ఎదురింటి అరుగు మీద మనుషులు ఇటు చూస్తున్నారు. నేను లేచి వీధి తలుపు వేయబోయాను.

"తెరిసుంచు" అంది మామ్మ. "మళ్ళీ సెప్పరా."