పాలిస్టర్‌కు రంగెక్కదన్నారు

నన్ను కన్న అవ్వ పోయాక ఆమె చీరలు పంచింది మా వదిన. పట్టువి ఎవరెవరికి పోయాయో నాకు ఇప్పటికీ వరసగా గుర్తుంది. చివరికి నా ఒళ్లో ఒక తెల్ల పాలిస్టర్ చీర పడేసి, "గిదొక్కటే మిగిలింది పిల్లా, ఇంట్ల కట్టుకో" అన్నది. రొట్టె, ద్రాక్షరసం ఇచ్చే సంస్కారపు ఆదివారాల్లో అవ్వ ఆ చీర కట్టుకొనే చర్చిలో పాటల వరుసలో నిలబడేది. దాన్ని నేను ఇంట్లో కట్టలేదు. దాచాను.

పోయిన ఏడు పంట కోత పండుగకు మా మందమర్రి చర్చిలో పాడే ఆడవాళ్లందరూ మెరూన్ చీరలు కట్టాలని తీర్మానించారు. బృందానికి పెద్ద కూడా వదినే. అవ్వ చీరకే మెరూన్ రంగు వేసుకొని వస్తానన్నాను. ఆమె అందరి ముందూ నవ్వింది.

"పాలిస్టర్‌కు రంగెక్కదు, నీకు మాట ఎక్కదు. రంగు కలవకుంటే లైన్ల నిలబడనియ్య, ముందే చెప్తున్న."

అవ్వ నిలబడ్డ వరుసలో అవ్వ చీరతో నిలబడడానికి ఈమె అనుమతి దేనికి? కిరాణా కొట్టు నుంచి రంగు పొట్లం తెచ్చి, వేడినీళ్లలో ఉప్పు కలిపి చీర నానబెట్టాను. నూలు చీరలకు అవ్వ అలాగే వేసేది. జాడిస్తే రంగంతా నీళ్లలో పోయింది. చీర ఎప్పటిలాగే తెల్లగా ఉంది. కింద కుట్టిన ఫాల్ నూలుది కదా, అదొక్కటే ముదురు మెరూన్ అయి కూర్చుంది. తీగ మీద ఆరేశానో లేదో, వదిన ఆ దారినే వచ్చింది.

"అబ్బ, అంచు మస్తు కుదిరింది! మిగిలింది వచ్చే ఏడు ఏస్తవా?"

"చూస్కుంట ఉండు వదినా" అన్నాను.

ఫోన్లో వీడియోలు వెతికితే తెలిసింది, పాలిస్టర్‌కు వేసే రంగే వేరని. అది నానబెడితే ఎక్కదు, నీళ్లు ఆగకుండా మరుగుతూ ఉండాలి. మంచిర్యాలలో దుకాణాలన్నీ తిరిగి ఆ రంగు తెచ్చాను. ఫాల్ ఊడదీశాను. పెరట్లో బొగ్గు పొయ్యి మీద, స్నానాలకు నీళ్లు కాచే పాత గంజు పెట్టి, ముక్కుకు గుడ్డ కట్టుకొని, చీరను కట్టెతో తిప్పుతూ నిలబడ్డాను. తిప్పడం ఆపితే మరకలు పడతాయి. బొగ్గు గనిలో, మా మాటలో బాయిలో, పొద్దుటి షిఫ్టు దిగి వచ్చిన మా ఆయన, మోచేతుల దాకా రంగు పూసుకున్న నన్ను చూసి ఆగిపోయాడు.

"బాయిల దిగింది నేనా, నువ్వా?"

"జర బొగ్గు ఎయ్యి. మంట తగ్గుతున్నది."

నవ్వుతూనే వేశాడు. ఎన్నిసార్లు జాడించినా ఈసారి రంగు వదల్లేదు.

పండుగ నాడు చర్చి మెట్ల మీదే వదిన నా కొంగు పట్టుకొని ఎండలోకి తిప్పింది.

"మెరూన్ ఏడున్నది? గిది వంకాయ!"

"వంకాయే. ఎక్కిందా లేదా?"

"ఎక్కితే ఎక్కింది. ఎనుక నిలబడు, స్తంభం పక్కన."

అవ్వ చోటు ముందు వరుసలో కుడి చివర. అక్కడికే వెళ్లి పాటల పుస్తకం తెరిచాను. కీబోర్డు మొదలైంది. వదిన ఇంకా "ఎనుకకు, ఎనుకకు" అని కళ్లతో సైగ చేస్తూనే ఉంది. పల్లవి అందరికంటే ముందు నేనే ఎత్తుకున్నాను.