ఆ కాలు నాది

ఆ రోజుల్లో ఖరగ్‌పూర్‌లో ఇంట్లో గడియారం లేకపోయినా ఎవరికీ లోటుండేది కాదు. నిద్ర లేపేది, పనికి పంపేది, అన్నానికి పిలిచేది వర్క్‌షాపు సైరనే. అంత పద్ధతిగల ఊళ్ళో, న్యూ సెటిల్‌మెంట్ క్వార్టర్లలో, ఒక ఫిట్టరు కూతురు పందొమ్మిదేళ్ళ వయసులో రాక్ బ్యాండులో డ్రమ్ములు వాయించేదంటే ఇప్పటి పిల్లలు నమ్మరు. అప్పటివాళ్ళు మాత్రం నమ్మక తప్పేది కాదు. (క్వార్టర్ల లైన్లు మూడు దాటినా వినబడేది మరి.)

బ్యాండులో ముగ్గురం. చర్చిలో గిటార్ వాయించే పక్క క్వార్టరు గిటారన్నయ్య పాడేవాడు, పెత్తనమూ చేసేవాడు. బేస్ గిటార్ వాయించేది వర్క్‌షాపు అప్రెంటిస్. ఆరడుగులు దాటిన మనిషి కాబట్టి లంబూ అనేవాళ్ళం. డ్రమ్ములు రైల్వే ఇన్‌స్టిట్యూట్‌లో వాయించే ఒక ఆంగ్లో ఇండియన్ ముసలాయన ఊరు విడిచి వెళ్తూ మాకు అప్పగించినవి. ముందు లంబూ వాటి వెనక కూర్చున్నాడు. మోకాళ్ళు గడ్డానికి తగిలాయి. తర్వాత సరదాకి నేను కూర్చున్నాను. రెండేళ్ళయినా లేవలేదు.

అలాంటి మాకు కలకత్తా రేడియో నుంచి ఉత్తరం వచ్చింది. ఇంగ్లీషులో యువకుల కార్యక్రమం. రాక్ వాయించేవాళ్ళను పిలిచి, ఒక పాట వాయించనిచ్చి, వాళ్ళ సంగీతం గురించీ, ముందు ముందు ఏం చేస్తారన్నదాని గురించీ మాట్లాడిస్తారు. నాన్న ఉత్తరాన్ని రెండు వైపులా తిప్పి చూశాడు.

"ఎళ్తే ఎళ్ళు. నోరు మాత్రం ఇప్పకు. గుడి కమిటీలో ఉన్నోణ్ణి నాను. నా కూతురు డ్రమ్ములు బాదతాదని కలకత్తా వోళ్ళక్కూడా తెలాలేటి?"

"దాని పేరే రానివ్వను బాబాయ్, నాదీ పూచీ" అన్నాడు గిటారన్నయ్య. ఊరికే నాన్నను చల్లబరచడానికి అన్నాడనుకున్నాను.

ఆదివారం పొద్దున్న డ్రమ్ములు రైలెక్కించి హౌరాలో దిగాం. స్టూడియోలో గిటారన్నయ్య అనౌన్సరు చెవిలో ఏదో చెప్పాడు, ఆయన తలూపాడు. పాట వాయించాం. అంతా నేరుగా ప్రసారమైపోతోంది. తర్వాత అనౌన్సరు మైకు ముందుకు వంగి, గిటార్, గాత్రం ఫలానా అని చెప్పి, "బేస్ గిటార్, డ్రమ్స్ మన పొడుగు మిత్రుడు" అనేశాడు. (ఒకే మనిషి ఒకే పాటలో ఆ రెండూ ఎలా వాయించాడని శ్రోతలెవరూ ఉత్తరం రాయలేదు.) కర్రలు ఇంకా నా చేతుల్లోనే ఉన్నాయి. అరచేతులు మండుతున్నాయి.

ఆయన అంతటితో ఊరుకున్నా నేను పళ్ళు బిగించుకుని కూర్చునేదాన్నేమో. మాటల జోరులో లంబూ వైపు తిరిగి, "పాట మధ్యలో తాళం మారినప్పుడు మీ కుడికాలు ఏం చేస్తుంది?" అని అడిగాడు. (పెద్ద డ్రమ్ము పెడల్ తొక్కేది కుడికాలే.) లంబూ తన కాలి వంక చూసుకున్నాడు. దానికీ తెలియదు. రేడియోలో మౌనం ఎంత పొడుగ్గా ఉంటుందో అప్పుడు తెలిసింది నాకు. లేచి వెళ్ళి మైకు లాక్కున్నాను.

"సర్, ఆ కాలు నాది" అన్నాను, నాకొచ్చిన ఇంగ్లీషులో.

అనౌన్సరు తేరుకుని నవ్వాడు. "భలే! మరి పెళ్ళయ్యాక మీ వారు ఒప్పుకుంటారా?"

"ఆయన వంట చేసుకుంటూ వింటాడు" అన్నాను. ఇంకో ప్రశ్న రాకముందే వెళ్ళి డ్రమ్ముల వెనక కూర్చుని, తాళం మారే చోటు ఆ కాలితోనే వాయించి చూపించాను, ఒకసారి కాదు, మూడుసార్లు.

తిరుగు రైలు కదలగానే గిటారన్నయ్య మొదలుపెట్టాడు.

"బాబాయికి మాటిచ్చినాను. నా పరువు తీసీసినావు."

"నువ్వు నా పేరు తీసీసినావు కదా, దానికేటి?"

లంబూ కిటికీ బయటికి చూస్తూ, "నన్నడగొద్దు" అన్నాడు.

ఇంటికొచ్చేసరికి నాన్న వరండాలో కుర్చీ వేసుకుని ఉన్నాడు. ఇంగ్లీషు ఆయనకు అర్థమై ఉండదన్న ధైర్యం నాకు కొంచెం ఉండేది. కానీ టెలిఫోన్ ఆపరేటరుగా పనిచేసే ఎదురింటి బెంగాలీ దీదీ రేడియో విని, ఒక్క ముక్క వదలకుండా లైనంతటికీ చెప్పేసిందట, వంట సంగతితో సహా.

"ఆ లంబూగాడు కాలుతో ఏటి సేస్తాడో సెప్పలేకపోనాడా?"

"ఆడికి రాదు నాన్నా."

"నీకొచ్చా?"

"వొచ్చు."

నాన్న నా కాళ్ళకేసి చూశాడు. "అయితే రేపట్నుంచి తలుపులేసుకుని వాయించకు. ఉక్కపోత. ఎలాగా అందరికీ తెలిసిపోనాది." మర్నాడు గుడి కమిటీలో ఎవరో ఈ ప్రస్తావన తెస్తే, "మా గుంటే, నా కూతురే. అయితే ఏటి?" అన్నాడట. ఆ కబురు కూడా దీదీయే మోసుకొచ్చింది.

ఏడాది తిరక్కుండా లంబూకి చక్రధర్‌పూర్ బదిలీ అయింది, గిటారన్నయ్య వాల్తేరు వెళ్ళిపోయాడు. నేను రైల్వే ఆఫీసులో గుమాస్తానై ముప్పై ఏళ్ళు ఫైళ్ళు మోశాను. నేను రాసిన నోట్ల కింద పైవాళ్ళు సంతకం చేసుకుంటే, పోనీలే అని తలూపడం బాగా అలవాటైంది. ఒక్కోసారి అనిపిస్తుంది, మైకు లాక్కున్న ఆ పిల్ల ఇప్పుడు తలుపు తోసుకుని లోపలికొస్తే నాకు కాస్త భయమే వేస్తుందని. అయినా కుర్చీ వేసి కూర్చోబెడతాను. ఎంత గట్టిగా మాట్లాడినా అడ్డు చెప్పను.