భీమిలికి గిట్లనేనా?

షాలేమ్‌రాజుకు దారి అడిగే జబ్బుంది. తెలియని దారి ఎవరైనా అడుగుతారు, అందులో వింత లేదు. షాలేమ్‌రాజు తెలిసిన దారే అడుగుతాడు. పాల్వంచ నుంచి ఇంటికొస్తూ ‘సారపాక 2 కి.మీ.’ అని రాసి ఉన్న రాయి పక్కనే వ్యాను ఆపి, టీకొట్టు బొజ్జయ్యను అడుగుతాడు.

“అన్నా, సారపాకకు గిట్లనేనా?”

“రాజన్నా, పొద్దున నా దగ్గర చాయ తాగే గద పోయినవ్?”

“అవ్, గాని పొద్దుటి సంది దారి ఏమన్న మారిందేమోనని.”

తాడిచెట్టు ఎందుకెక్కావంటే దూడగడ్డి కోసం అన్నట్టు ఉంటుంది ఆయన జవాబు.

పోనీ దారులు తెలియని మనిషా అంటే, కాగితం మిల్లులో కాటా దగ్గర గుమస్తా. వెదురు లారీలు, జామాయిలు లారీలు తూకానికి వచ్చేది ఆయన దగ్గరికే. అడవిలో ఏ ఊరికి ఏ అడ్డదారి ఉందో, ఏ వాగు ఎప్పుడు పొంగుతుందో డ్రైవర్లు ఆయన్నే అడుగుతారు. కళ్లు మూసుకుని చెబుతాడు. అదే మనిషి వ్యాను ఎక్కాడా, సొంత వీధి కూడా మర్చిపోతాడు.

ఆయన భార్య హెప్సిబా మిల్లు కాలనీ బడిలో టీచరు. నలభై మంది పిల్లల అల్లరిని రోజంతా భరించే ఓర్పు ఆమెకుంది. మొగుడు వ్యాను ఆపి కిటికీలోంచి తల బయట పెట్టగానే ఆ ఓర్పు ఎటుపోతుందో ఆమెకే తెలియదు.

వాళ్లతోనే ఉంటుంది హెప్సిబా తల్లి విశ్రాంతమ్మ. ఒకప్పుడు ప్రార్థన కూటాలకని, పెళ్లిళ్లకని బస్సుల్లో తెగ తిరిగిన మనిషి. అల్లుడు మూడేళ్ల కింద పాత మారుతి వ్యాను కొన్నప్పటినుంచి బస్సెక్కమంటే ససేమిరా అంటోంది. “ముసలమ్మకు కారు పొగరు పట్టింది” అని కాలనీ అంతా తీర్మానం చేసేసింది. హెప్సిబా కూడా మనసులో ఆ తీర్మానం మీద సంతకం పెట్టింది.

పైగా ఆ అత్తా అల్లుళ్లు ఒకరితో ఒకరు నేరుగా మాట్లాడుకోరు. పన్నెండేళ్లుగా అదే మర్యాద. వ్యానులో మూరెడు దూరంలో కూర్చుని కూడా విశ్రాంతమ్మ, “బిడ్డా, అల్లుణ్ణి అద్దం జర మూయమను” అంటుంది. “హెప్సీ, మూసిన అని మీ అమ్మకు చెప్పు” అంటాడు షాలేమ్‌రాజు. మధ్యలో హెప్సిబా టెలిఫోను ఎక్స్‌ఛేంజి.

ఇలాంటి ముగ్గురు 2006 వేసవి సెలవుల్లో సముద్రం చూడ్డానికి బయలుదేరారు. కోరిక విశ్రాంతమ్మది. పుట్టి బుద్ధెరిగినప్పటినుంచి గోదావరి ఒడ్డున బతికింది గానీ, ఆ నీళ్లన్నీ చివరికి ఏమవుతాయో చూడలేదు. విశాఖపట్నంలో ఉండే చిన్నకూతురు మహిమ, భీమిలి దగ్గర ఒక నది సముద్రంలో కలుస్తుందని, ఒడ్డున నిలబడి చూడొచ్చని చెప్పింది. “ఏ నదైతేంది, కలుసుడు చూస్తే చాలు” అంది ముసలమ్మ. వెలుగుండగా ఆ కలిసే చోట తల్లిని నిలబెట్టాలని హెప్సిబా పంతం పట్టింది. ఉన్నది ఒక్క ఆదివారమే. సోమవారం తెల్లవారగానే తిరుగు ప్రయాణం.

శనివారం రాత్రికి మహిమ ఇంటికి చేరారు. ఆదివారం గుడిలో ఆరాధన ముగించుకుని పన్నెండింటికి అక్కణ్ణుంచి బయలుదేరారు. “బావా, పాతిక కిలోమీటర్లే. కుడిపక్క సముద్రం ఉన్నంతసేపు దారి తప్పినట్టు కాదు” అని మహిమ మరీ మరీ చెప్పింది. ఇంత చక్కటి గుర్తు పెట్టి దారి చెప్పినవాళ్లు లోకంలో ఇంకొకరు ఉండరు. షాలేమ్‌రాజు శ్రద్ధగా తల ఊపాడు.

మూడో కిలోమీటరులో ఆపాడు. రోడ్డు వార పెంకుటింటి అరుగు మీద చేపలు ఎండబెడుతున్న ఒకామె దగ్గరికి నడుచుకుంటూ వెళ్లాడు. కూర్చున్నచోటునుంచి అడగడం ఆయన శాస్త్రంలో లేదు. దిగాలి, ఇంటిదాకా వెళ్లాలి, గొంతు తగ్గించి ఒక మాట, పెంచి ఒక మాట మాట్లాడాలి. “అమ్మా, భీమిలికి గిట్లనేనా?” అన్నది మాత్రం వ్యానుదాకా వినిపించింది.

“గిట్లా? అదేటి బాబూ? రోడ్డు ఒకటే కదేటి, తిన్నగా ఎల్లిపోండి!”

విశ్రాంతమ్మ మెల్లగా తలుపు తోసింది. “కాళ్లు పట్టినయి బిడ్డా, జర నడిచొస్త” అని ఆ ఇంటివైపే వెళ్లింది. ప్రతిసారీ ఇదే వరస. పేరుకు తగ్గట్టు ఆగిన ప్రతిచోటా విశ్రాంతి తీసుకుంటుంది. హెప్సిబా మాత్రం వ్యానులోనే కూర్చుని, సముద్రంవైపు చూస్తూ పళ్లు నూరుకుంది.

ఏడో కిలోమీటరులో గెస్ట్‌హౌసు వాచ్‌మన్ భార్యను అడిగాడు. పదో కిలోమీటరులో కొబ్బరిబోండాల ఆమెను అడిగాడు. రుషికొండ దగ్గర ఇసుకలో కూర్చుని పులిహోర తిన్నాక, అక్కడి పోలీసు ఔట్‌పోస్టులో ఇంకోసారి అడిగాడు.

“ఏటి బాబూ, కుడిపక్క సముద్రం కనబడతంది కదా?” అన్నాడు కానిస్టేబులు.

“కనబడుతుంది సారూ. గాని అది ఏ సముద్రమో?”

కానిస్టేబులు ఆయన నోరు వాసన చూశాడు. పులిహోర వాసన తప్ప ఇంకేం రాకపోవడంతో వదిలేశాడు.

నాలుగైంది. పాతిక కిలోమీటర్లలో ఇంకా పది మిగిలి ఉన్నాయి. ఎద్దుబండిలో వచ్చినవాళ్లు ఈపాటికి భీమిలి చూసి, ఇంటికి వెళ్లి అన్నం వండుకునేవాళ్లు. హెప్సిబా ఓర్పు పూర్తిగా చచ్చిపోయింది.

“ఇగ ఒక్క మనిషిని దారి అడిగినవంటే నేను దిగి నడుస్త! మా అమ్మ ముచ్చట తీరనిస్తవా, లేదా? చీకటి పడ్డంక ఏం చూస్తది, నీ మొఖమా?”

షాలేమ్‌రాజు అద్దంలోంచి వెనక్కి ఒకసారి చూసి, “సరే” అన్నాడు. వ్యాను సాగింది.

ఒక్కచోట ఆగలేదు. కుడిపక్క నీలంగా, వెండిలా మెరుస్తూ సముద్రం పరుగెత్తుతోంది. హెప్సిబా గెలిచినట్టు చేతులు కట్టుకుంది. కానీ తల్లి సముద్రంవైపు చూడటం లేదు. ఒళ్లో సంచిని రెండు చేతులా బిగబట్టి, పెదవి కొరుక్కుంటూ సీటు అంచున కూర్చుంది. షాలేమ్‌రాజు రోడ్డు కన్నా అద్దంలోకే ఎక్కువ చూస్తున్నాడు. అలా ఆరు కిలోమీటర్లు గడిచాయి.

అప్పుడు పన్నెండేళ్ల మర్యాద ఒక్క దెబ్బకు తెగిపోయింది.

“అల్లుడా,” అంది విశ్రాంతమ్మ నేరుగా, “జర దారి అడుగు నాయనా!”

బ్రేకు పడింది. షాలేమ్‌రాజు దూకి, ఎదురుగా ఉన్న ఇంటికి పరుగెత్తాడు. ఏమైందోనని హెప్సిబా కూడా దిగి వెంటపడింది. అందుకే ఆ గొంతు తగ్గించే మాట మొదటిసారి ఆమె చెవిన పడింది.

“అమ్మా, మా అత్తమ్మకు షుగరు. ఎక్కువసేపు ఆగలేదు. మీ బాత్రూం జర…” తర్వాత వ్యానువైపు తిరిగి గొంతు పెంచాడు: “భీమిలికి గిట్లనేనా?”

ఇంటావిడ నవ్వి, పెరటి తలుపు తీసింది. విశ్రాంతమ్మ కాళ్లు పట్టాయని కూడా చెప్పకుండా గబగబా లోపలికి వెళ్లిపోయింది.

హెప్సిబా మొగుడివైపు తిరిగింది. స్కూటరు రోజుల్లో ఈ మనిషే, ఒకర్ని అడగడం నామోషీ అని దారి తప్పి ఇల్లెందుదాకా తీసుకుపోయాడు! ఈ జబ్బు వ్యానుతోపాటు వచ్చిందని, అదీ అమ్మ ఎక్కినప్పుడే వస్తుందని ఇన్నాళ్లూ ఆమెకు తట్టనే లేదు. పిల్లల తప్పులు వెతకడమే పనిగా బతికే టీచరమ్మ ఈ లెక్క తప్పింది.

“మూడేండ్ల కింద నువ్వు లేకుండ బోనకల్ పోయేటప్పుడు మీ అమ్మ బస్సు ఆపమన్నది,” అన్నాడు షాలేమ్‌రాజు నేల చూస్తూ. “కండక్టరు అందరి ముందల నవ్విండు. ఆమె కొంగు అడ్డం పెట్టుకుని ఏడ్చింది. నేను నిద్రపోయినట్టు కూసున్న.”

“మరి నాకెందుకు చెప్పలే?”

“చెప్తే నువ్వు ప్రతి ఊర్ల ‘అమ్మా, వస్తుందా?’ అని బడిపిల్లలను అడిగినట్టు అడుగుతవ్. ఆమె వ్యాను కూడ ఎక్కది.”

నిజమే. అచ్చం అలాగే అడిగేది. హెప్సిబాకు సిగ్గేసింది, దాని వెనకే నవ్వొచ్చింది.

వెలుగు ఇంకా గంటసేపు ఉందనగా భీమిలి చేరారు. నది మెల్లగా వచ్చి అలల్లో కలిసిపోతుంటే విశ్రాంతమ్మ చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని మోకాలిలోతు నీళ్లలో నిలబడింది. చాలాసేపు చూసింది. “గింత నిమ్మళంగా కలుస్తదా! నేను పెద్ద లొల్లి చేస్తదనుకున్న” అంది.

తిరిగొచ్చేటప్పుడు సముద్రం ఎడమపక్కకు మారింది. రెండో కిలోమీటరులో ఒక ఇంటి ముందు, మొగుడు బ్రేకు వేయకముందే హెప్సిబా గట్టిగా అరిచింది.

“ఆపు, ఆపు! దారి అడగాలె.”

షాలేమ్‌రాజు అద్దంలోకి చూశాడు. అత్తమ్మ హాయిగా కునుకు తీస్తోంది.

“మీ అమ్మ నిద్రపోతుంది గద?”

“అమ్మకు కాదు, నాకే. మూడు బోండాలు తాగించినవ్!” అని హెప్సిబా దిగి, ఆ ఇంటి గడపలో నిలబడ్డ ముసలామె చెవిలో ఏదో చెప్పింది. తర్వాత వ్యానువైపు తిరిగి, బడి గంట మోగినట్టు గొంతు పెంచింది.

“అమ్మా, విశాఖపట్నానికి గిట్లనేనా?”