రెండో చుట్టు

కార్తీకమాసం, సోమవారం, మధ్యాహ్నం రెండు గంటల నలభై నిమిషాలు. ఖరగ్‌పూర్ పక్కన హిజ్లీ కాలేజీలో ఒక ల్యాబు గది. మేం అక్కడికి వెళ్లింది మా తమ్ముడి కోసం. టెక్కలి దాటి సముద్రం ఒడ్డున మా ఊరు. వాడు చేపల వేటకు పోయాడు, వెనకాలే తుఫాను పట్టింది. దక్షిణం వైపు రైలుబళ్లు ఆగిపోయాయి. టెలిఫోను పలకలేదు. వాడి భార్య అప్పుడు ఖరగ్‌పూర్‌లో మా ఇంట్లోనే ఉంది, అన్నం మానేసి.

ల్యాబులో రేడియోలు బాగుచేసే ఆయన గుంటూరు వైపు మనిషి. వాతావరణం చూసే పాత ఉపగ్రహం ఒకటి మన మీదుగా పోతుంది, అది పంపే బొమ్మ పట్టి చూపిస్తానన్నాడు. ఎనిమిది వందల యాభై కిలోమీటర్ల ఎత్తున, దక్షిణం నుంచి ఉత్తరానికి పోతుందట. పెట్టెలో టిక్కుటిక్కుమని చప్పుడు, క్షణానికి రెండు గీతల చొప్పున కాగితం మీద బొమ్మ. పావుగంటలో అయిపోయింది. బొమ్మ తలకిందులుగా వచ్చిందని ఆయన కాగితం తిప్పి పట్టుకున్నాడు. మా తీరం మీద తెల్లటి సుడి. నాకు అప్పటికి అక్షరం ముక్క రాదు. దానికి అక్షరాలు అక్కర్లేదు.

"పడవేదీ బాబూ?" అంది మరదలు.

"కనపడదమ్మా. ఇందులో ఒక్కో చుక్క నాలుగు కిలోమీటర్ల సముద్రం."

"మరేటి సూసినట్టు?"

"భూమిని చుట్టి రావడానికి దానికి నూట రెండు నిమిషాలు. ఇంకో బొమ్మ పడతాను," అని ఆయన వేరే పని మీద వెళ్లాడు.

నేను రైల్వే వర్క్‌షాపు ఫిట్టరును. రైలు పట్టా కదలదు, బండి అదే పట్టా మీద వస్తుంది. నాకు తెలిసింది అంతే.

"ఉండమ్మా, మళ్లీ అదే దారిన వస్తాది. ఈలోగా మబ్బు ఇడిపోద్ది," అన్నాను.

ఆయన తిరిగొచ్చి పట్టిన రెండో బొమ్మ బుసబుసల మధ్య వచ్చింది. నల్లటి నీళ్లు, మబ్బు తునక లేదు. మరదలు లేచి నిలబడింది.

"బావా! తెరిపిచ్చింది! మబ్బు నేదు!"

రేడియోలాయన నా మొహం చూశాడు. "అది మన సముద్రం కాదమ్మా. అది చుట్టి వచ్చేలోగా కింద భూమి తిరిగిపోతుంది. ఇది బొంబాయి అవతలి నీళ్లు. ఎండ వెలుగులో మన మీదికి మళ్లీ రేపే."

మరదలు నా వైపు తిరిగింది. "రైలనుకున్నావేటి బావా?"

మర్నాడు మేం వెళ్లలేదు. తమ్ముడు రాలేదు. పడవ చెక్క కూడా ఒడ్డుకు రాలేదు.

ఆ రోజు ఆ గదిలో ఉన్నది నేను, మా తమ్ముడి భార్య, రేడియోలాయన, మధ్యలో టీ తెచ్చి ఠీక్ హో జాయేగా, అంతా బాగైపోతుంది అని పోయిన బెంగాలీ దాదా.